నల్లగొండ ఎండలో పాత కారు మరగకుండా: గార తీయడం నుంచి ఎలక్ట్రిక్ ఫ్యాన్ దాకా

మార్చి సగం దాటిందంటే నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, బండి మరుగుతోంది." కొందరిది ప్రీమియర్ పద్మిని, కొందరిది స్టాండర్డ్ హెరాల్డ్. బండి ఏదైనా రెండో మాట కూడా ఒకటే: "ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టిస్తే సరిపోతుందా?"

సరిపోదు. ముందు లోపలి గార తీయాలి, ఫ్యాన్ సంగతి ఆ తర్వాత. గొట్టాలు పూడుకుపోయిన రేడియేటర్ ముందు ఎంత పెద్ద ఫ్యాన్ తిరిగినా వేడి బయటికి పోదు. ఏ పని తర్వాత ఏది చేయాలో, చేసిన పని కుదిరిందో లేదో ఎలా తేల్చుకోవాలో అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

నా దగ్గరున్నది రెండు తలుపుల హెరాల్డ్. ఇటలీ కార్ల డిజైనర్ మికెలొట్టి గీసిన కారు అది. దాని పునాది మీదే 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు వచ్చింది. మన దేశంలో హెరాల్డ్‌ను మద్రాసులో తయారు చేశారు. మద్రాసు దగ్గరి షోలవరం పాత రన్‌వే మీద జరిగిన పందేల్లో ఫియట్ 1100లూ హెరాల్డ్‌లూ దూసుకుపోయిన రోజులున్నాయి. అలాంటి బండి గడియారం చౌరస్తాలో పొగలు కక్కుతూ నిలబడితే చూడలేను. కింద రాసిన కొలతలు ఎక్కువగా హెరాల్డ్‌వి. పని మాత్రం పద్మినికీ ఇదే. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

మన నీళ్ల సంగతి

నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. రేడియేటర్‌ను పాడుచేసేది మాత్రం అది కాదు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగలగానే విడిపోయి గోడలకు అంటుకుంటాయి. స్నానాల గదిలో హీటర్ రాడ్డుకు తెల్లగా పట్టే గార ఇదే. రాడ్డుకు పట్టినది కంటికి కనిపిస్తుంది. ఇంజిన్ బ్లాకులో పట్టినది కనిపించదు. పైగా ఆవిరైన ప్రతిసారీ మీరు పోసే కొత్త నీళ్లతో కొత్త గార వస్తుంది.

అందుకే ఒక నియమం పెట్టుకోండి: బోరు నీళ్లు కడగడానికే, నింపడానికి కాదు. భగీరథ నల్లా నీళ్లు బోరు నీళ్ల కంటే మేలే. అయినా వాటిలోనూ లవణాలు, క్లోరిన్ ఉంటాయి కాబట్టి వాటినీ నింపకండి.

పాన పట్టే ముందు: ఎక్కడ మరుగుతోంది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం పని అయినట్లే.

ఊళ్లో, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడి చూపే ముల్లు పైకి వెళ్లి, బండి కదలగానే దిగుతోందా? గాలి చాలడం లేదు. ఫ్యాన్ బెల్టు వదులైంది, లేదా ఫ్యాన్ రెక్కలు చాలడం లేదు.

నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కి 70లో వెళ్తున్నప్పుడు మెల్లగా పెరుగుతోందా? అప్పుడు గాలికి లోటు లేదు, నీటి ప్రవాహానికి అడ్డం ఉంది, లేదా ఇంజినే ఎక్కువ వేడి పుట్టిస్తోంది. గార పట్టిన రేడియేటర్, వేగంలో లోపలికి నొక్కుకుపోయే కింది హోసు, వెనకబడిన ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం): ఈ మూడింట్లో ఒకటి. దీనికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించడం డబ్బు వృథా.

ముల్లు మామూలుగానే ఉంది, బండి మాత్రం దగ్గి ఆగిపోయింది, అరగంట తర్వాత తనంతట తానే స్టార్టయిందా? ఇది మరగడం కాదు. పెట్రోలు పైపులో ఆవిరి అడ్డుపడింది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తే బండి కదులుతుంది. శాశ్వతంగా పోవాలంటే పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరపాలి. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి పగులుతాయి, కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించండి.

ఇంకో పరీక్ష తప్పనిసరి. చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలోంచి బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ పోసే మూత లోపల మజ్జిగ రంగు నురగ ఉన్నా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే పొర) పోయి ఉండవచ్చు. ఆగండి. ముందు మెకానిక్‌తో ఆ పని చేయించండి. లేకపోతే మిగతా శ్రమంతా వృథా.

కావలసినవి

- నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్): వ్యవస్థలో పట్టే ప్రతి లీటరుకు 25 గ్రాములు
- వంట సోడా
- డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల డబ్బాలు రెండు, బ్యాటరీ షాపులో దొరుకుతాయి
- పచ్చ రంగు మామూలు కూలెంట్, కలపని చిక్కటిది
- కొత్త హోసులు, క్లిప్పులు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం), దాని గ్యాస్కెట్
- వెడల్పాటి తొట్టి, కొలత పాత్ర, గట్టి ఇనుప తీగ
- రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు
- వీలైతే దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్

డిస్టిల్డ్ వాటర్ దొరకకపోతే ఆర్వో నీళ్లు వాడవచ్చు. మన జిల్లాలో ప్రతి ఊరికీ నీళ్ల ప్లాంటు ఉంది కదా, అక్కడ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరుతో కొలిపించండి. 50 లోపు ఉంటేనే తీసుకోండి. కొన్ని ప్లాంట్లలో రుచి కోసం మామూలు నీళ్లు కలుపుతారు, వాటిలో సంఖ్య పెరుగుతుంది. చూడకుండా డబ్బా తెచ్చుకోవద్దు.

1. ఖాళీ చేయడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత ముట్టుకోండి. కింద తొట్టి పెట్టి రేడియేటర్ కొళాయి విప్పండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు బురద బ్లాకులో ఉంటుంది. ఇంజిన్ బ్లాకు పక్కన ఇంకో చిన్న కొళాయి లేదా బోల్టు ఉంటుంది, దాన్నీ విప్పండి. విప్పినా చుక్క రాకపోతే ఖాళీ అయిందని అనుకోకండి, రంధ్రం పూడుకుపోయిందని అర్థం. ఇనుప తీగతో పొడవండి. ఎర్రటి బురద ఒక్కసారిగా వస్తుంది, మొహం పక్కకు పెట్టుకోండి.

వచ్చినదాన్ని కొలిచి రాసుకోండి. నిమ్మ ఉప్పు, కూలెంట్ లెక్క దాని మీదే ఉంటుంది.

పాత కూలెంట్‌ను నేల మీద వదలకండి. దాని రుచి తియ్యగా ఉంటుంది కానీ అది విషం. కుక్కలు, మేకలు నాకితే చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి పిల్లలకు అందకుండా పెట్టి, గ్యారేజీ వాళ్లు వాడిన ఆయిల్ దాచేచోట ఇవ్వండి.

2. గార కరిగించడం

థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టి, దాని మూతను తిరిగి బిగించండి. నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కరిగించి పోయండి. పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి, నురగ పొంగుతుంది. మూత తీసి ఉంచే ఇంజిన్‌ను నిదానంగా నడపండి. పై హోసు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కాక ఆపి, 20 నిమిషాలు వదిలి, మళ్లీ 5 నిమిషాలు నడపండి. తెరిచి ఉన్న మూత మీదికి వంగి చూడకండి.

పద్మినికి ఇక్కడ తేడా ఉంది. హెరాల్డ్ సిలిండర్ హెడ్ పోత ఇనుము, పద్మినిది అల్యూమినియం. ఆమ్లం అల్యూమినియాన్ని తింటుంది కాబట్టి మొత్తం సమయం అరగంట దాటనివ్వకండి. గార మిగిలిందనిపిస్తే కొత్త నీళ్లతో ఇంకోసారి చేయండి, అదే నీళ్లను రాత్రంతా ఉంచకండి.

మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోస్తే త్వరగా అవుతుందని చెప్పేవాళ్లున్నారు. వాళ్ల మాట వినకండి. అది గారతో పాటు రేడియేటర్ టాంకుల అతుకులను, ఇత్తడిని, అల్యూమినియాన్ని తినేస్తుంది. అలా కడిగిన పద్మిని రేడియేటర్ ఒకటి నా చేతికి వచ్చింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే జల్లెడలా కనిపించింది. కాస్టిక్ సోడా కూడా వద్దు, అల్యూమినియానికి అది యాసిడ్ కంటే తక్కువ శత్రువు కాదు.

పని పూర్తయిందా? బయటికి వచ్చే నీళ్లు మొదట తుప్పు రంగులో, చిన్న చిన్న పెచ్చులతో వస్తాయి. రెండోసారికి లేత టీ రంగుకు రావాలి. మూడోసారీ చిక్కటి తుప్పే వస్తుంటే ఇక మీ చేతి పని కాదు. రేడియేటర్ విప్పి, పై టాంకు తీసి గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేసే షాపుకు ఇవ్వండి. అక్కడ కోరు (మధ్యలో ఉండే గొట్టాల భాగం) మార్చమంటే ఒక్క మాట గుర్తుంచుకోండి: పాత రాగి-ఇత్తడి టాంకులు పారేయనివ్వకండి, కోరు మాత్రమే మార్పించుకోండి.

3. కడగడం

లీటరుకు చెంచాడు వంట సోడా కలిపిన నీళ్లు నింపి 5 నిమిషాలు నడిపి వదిలేయండి. మిగిలిన ఆమ్లం విరిగిపోతుంది. తర్వాత రేడియేటర్ కింది పైపు నుంచి పైకి, అంటే ప్రవాహానికి ఎదురుగా, తోట పైపుతో నీళ్లు పంపండి. ఇక్కడ బోరు నీళ్లు ఫర్వాలేదు. ధార మెల్లగా ఉండాలి. కార్లు కడిగే షాపులోని ప్రెషర్ గన్ పెడితే 50 ఏళ్ల అతుకులు ఊడిపోతాయి.

చివరి రెండు కడుగుళ్లు మాత్రం ఆర్వో నీళ్లతోనే. బ్లాకు మూలల్లో ఎంత వంచినా కొన్ని నీళ్లు మిగులుతాయి. మిగిలేవి బోరు నీళ్లు కాకూడదు.

4. థర్మోస్టాట్, హోసులు, మూత

"మన ఎండకు థర్మోస్టాట్ ఎందుకు, తీసేయండి" అనే మాట ప్రతి గ్యారేజీలో వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. అది లేని ఇంజిన్ డిసెంబరు ఉదయాల్లో చాలాసేపు చల్లగానే తిరుగుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు అరుగుతాయి. చెడిపోయిందని తెలిస్తే మార్చండి, అంతేకానీ తీసేయకండి.

వంటింట్లో పరీక్షించండి. గిన్నెలో నీళ్లు పోసి థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీయండి, అడుగును తాకకూడదు. దాని మీద అచ్చయిన అంకె, ఎక్కువగా 82 డిగ్రీలు, దగ్గరకు నీళ్ల వేడి వచ్చేసరికి తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు కాగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. కొత్తదైనా పరీక్షించకుండా బిగించకండి.

కింది హోసు లోపల చుట్టలా స్ప్రింగు ఉంటే అది హోసు నొక్కుకుపోకుండా కాపాడేది. కొత్త హోసు వేసేటప్పుడు ఆ స్ప్రింగును పాతదానితో పాటు పారేస్తుంటారు. దాన్ని శుభ్రం చేసి కొత్తదాంట్లో పెట్టించండి, తుప్పు పట్టి ఉంటే కొత్తది వేయించండి.

మూత విషయంలో ఆశకు పోకండి. కొత్త కార్ల మూత ఎక్కువ ఒత్తిడిని ఆపుతుంది కాబట్టి నీళ్లు ఇంకా ఆలస్యంగా మరుగుతాయన్నది నిజమే. పాత రేడియేటర్ మాత్రం ఆ ఒత్తిడికి చేసింది కాదు. పై టాంకు అతుకు దగ్గర విచ్చుకుంటుంది. పాత మూత మీద ఏ అంకె ఉందో అదే కొనండి.

5. ఇగ్నిషన్ చూడటం

హైవే మీద మరిగే బండ్లలో దీన్ని ఎవరూ చూడరు. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల మడమ (ఇరుసుకు రాసుకునే ముక్క) అరిగేకొద్దీ ఖాళీ తగ్గుతుంది, ఖాళీ తగ్గేకొద్దీ టైమింగ్ వెనకబడుతుంది. అప్పుడు మంట ఆలస్యంగా కాలి, ఆ వేడి ఎగ్జాస్ట్ దారుల గుండా నీళ్లలోకి చేరుతుంది. హెరాల్డ్‌కు పాయింట్ల ఖాళీ 0.38 మిల్లీమీటర్లు. పద్మినికి దాని మాన్యువల్ చూడండి. ఖాళీ సరిచేశాకే టైమింగ్ పెట్టాలి, ముందు పెడితే మళ్లీ మారిపోతుంది. ప్లగ్గుల కొనలు తెల్లగా సున్నం కొట్టినట్లు ఉంటే కార్బురేటర్ పెట్రోలు తక్కువ ఇస్తోంది. అదీ వేడి పెంచుతుంది.

6. నింపడం

కూలెంట్ మూడో వంతు, డిస్టిల్డ్ వాటర్ రెండు వంతులు. సగం సగం కలపడం మంచు పడే దేశాల లెక్క. మనకు కూలెంట్ కావలసింది తుప్పు ఆపడానికి, మరిగే స్థాయి కొంచెం పెంచడానికి. వేడిని మోయడంలో నీళ్లే మెరుగు. రెండింటినీ బయట కలిపి పోయండి.

బండి ముందుభాగం ఎత్తులో ఉండేలా నిలిపి మెల్లగా పోయండి. మూత తీసి ఇంజిన్ నడుపుతూ పై హోసును నొక్కి వదులుతుంటే గాలి బయటికి వస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి పడిపోతుంది, అప్పుడు మిగతాది పోయండి. అంచు దాకా కాదు, ఒక అంగుళం కింద ఆపండి. హెరాల్డ్‌కు పొంగినదాన్ని దాచే విడి డబ్బా లేదు. మొదటి ఒకటి రెండు ప్రయాణాల్లో ఎక్కువైనది బయటికి తోసేసి తన మట్టాన్ని తానే నిలబెట్టుకుంటుంది. అది కారడం అనుకుని ప్రతిరోజూ నిండా పోసేవాళ్లు వేసవి అంతా పోస్తూనే ఉంటారు.

7. ఇప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యాన్

పై పనులన్నీ చేశాక కూడా ఊళ్లో ఆగినప్పుడు ముల్లు పెరుగుతుంటేనే ఇది పెట్టండి. మారుతి 800 ఫ్యాన్ సులువుగా దొరుకుతుంది. పెట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది, బ్యాటరీ ఏ కొన బాడీకి కలిసి ఉంది? పాత బ్రిటిష్ వరస కార్లలో కొన్నింటికి ప్లస్ కొన ఎర్త్ అయి ఉంటుంది. అది చూసుకోకుండా కలిపితే ఫ్యాన్ ఎదురు దిశలో తిరుగుతుంది. ఆల్టర్నేటర్ అయితే కాలిపోతుంది.

రెండోది, కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ కాలపు డైనమో నిండు వేగంలోనే 22 ఆంపియర్ల దగ్గర ఇస్తుంది, నిదానంగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లకు 7 నుంచి 8, ఫ్యాన్‌కు సుమారు 8 నుంచి 10, ఇగ్నిషన్‌కు 3 నుంచి 4. అంటే రాత్రి ట్రాఫిక్‌లో బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంటుంది. పగటి పూట, ఊరి దాకా తిరిగే బండికి డైనమో చాలు. రాత్రి ప్రయాణాలు ఉంటే ముందు చిన్న ఆల్టర్నేటర్ వేయించండి, ఫ్యాన్ తర్వాత.

ఫ్యాన్‌ను రేడియేటర్ వెనక, గాలి లోపలికి పీల్చేలా అమర్చండి. అమర్చాక ముందు వైపు కాగితం పెడితే అతుక్కుని నిలబడాలి, ఎగిరిపోతే ఫ్యాన్ రెండు తీగలను తారుమారు చేసి కలపండి. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు తీసేయకండి. అది లేకపోతే రెక్కల వెనక గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రేడియేటర్ రెక్కల మధ్య ప్లాస్టిక్ పట్టీలు దూర్చి కట్టడం చూశాను. బండి ఊగేకొద్దీ గొట్టాలు కోసుకుపోతాయి. ఇనుప పట్టీలతో బ్రాకెట్ చేయించి, ఉన్న బోల్టు రంధ్రాలకే బిగించండి, కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయకండి. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేయించాలనుకుంటే బాడీ, ఛాసిస్, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. తిరిగి విప్పేయగలిగిన మార్పే మంచి మార్పు.

వైరింగుకు: బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి దగ్గరలోనే 20 ఆంపియర్ల ఫ్యూజు, 30 ఆంపియర్ల రిలే, పై హోసులో 90 డిగ్రీల దగ్గర పనిచేసే థర్మో స్విచ్చి. దానికి తోడు డాష్‌బోర్డు కింద చేత్తో వేసే స్విచ్చి ఒకటి. థర్మో స్విచ్చి ఎప్పుడో ఒకరోజు మొరాయిస్తుంది, ఆ రోజు ఇదే కాపాడుతుంది. ఇంజిన్‌కు ఉన్న పాత ఫ్యాన్ రెక్కలు విప్పితే వాటిని డిక్కీలో ఉంచండి.

8. పరీక్ష

ఇంటి ముందు: నీడలో 20 నిమిషాలు నిదానంగా నడపండి. థర్మామీటర్‌తో రేడియేటర్ ముందు భాగాన్ని అడ్డంగా, నిలువుగా చూడండి. పై నుంచి కిందికి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా ఒక పట్టీ చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు ఇంకా పూడుకునే ఉన్నాయి, రెండో మెట్టుకు వెళ్లండి. ఇంకొకరిని ఇంజిన్ వేగం పెంచమని కింది హోసును చూడండి, నొక్కుకుపోకూడదు. బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దిగాలి.

దారిలో: మొదటిసారి మిర్యాలగూడ దాకా చాలు, సుమారు 40 కిలోమీటర్లు, ఉదయం పూట. కుదిరితే రెండోసారి మధ్యాహ్నం. 45 డిగ్రీల ఎండ పడేది ఆ వేళే కదా. రెండూ నెగ్గాక దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం. దోమలపెంట నుంచి డ్యాము దాకా దిగుడు, అవతల ఎక్కుడు, తిరుగు ప్రయాణంలో మళ్లీ ఎక్కుడు. వేగం తక్కువ, ఇంజిన్ మీద బరువు ఎక్కువ. ఇంతకు మించిన పరీక్ష మన చుట్టుపక్కల లేదు. అడవి గేటు రాత్రి మూసేస్తారు, వెలుతురు ఉండగానే దాటండి.

దారిలో మరిగితే బండి ఆపి, బానెట్ ఎత్తి, ముప్పావు గంట ఆగండి. నాలుగేళ్ల కిందట నకిరేకల్ దగ్గర నేను ఆ ఓపిక పట్టలేదు. రోడ్డు పక్క హోటల్లో ఇచ్చిన చల్లటి బోరు నీళ్లు మరుగుతున్న ఇంజిన్‌లో పోశాను. హెడ్ వంగింది. దాన్ని మిల్లింగు చేయించి తిరిగి బిగించేసరికి నెల పట్టింది. ఇప్పుడు డిక్కీలో 5 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బా, మందపాటి గుడ్డ లేకుండా ఇల్లు కదలను.

ప్రయాణం అయిన మరునాడు ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి మట్టం చూసి తేదీతో సహా రాసుకోండి. మూడు ప్రయాణాల తర్వాత కూడా అదే గీత దగ్గర ఉంటే మళ్లీ రెండేళ్లకు కూలెంట్ మార్చేటప్పుడు విప్పితే చాలు. ప్రతిసారీ వేలెడు తగ్గుతుంటే రాత్రి బండి కింద అట్టముక్క పరిచి చూడండి. తడి ఏ హోసు కింద ఉందో ఆ క్లిప్పు బిగించండి. అట్ట పొడిగా ఉండి కూడా మట్టం తగ్గుతుంటే, పైన చెప్పిన బుడగల పరీక్ష ఇంకోసారి చేయండి.